లుఫిరా ఒడ్డున ఎగతాళి చుట్టం

కపోండా నోటిని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మి ఉండాల్సిందని ఈ కథ చివర్లో మీరు అంటారు, నాకు తెలుసు. అనండి. కాకపోతే ఆ రోజుల్లో లుఫిరా ఏటి ఒడ్డున ఎవరినైనా నమ్మి బాగుపడ్డ మనిషిని ఒక్కరిని చూపించి, అప్పుడు అనండి.

అతను చిరుత వంశం వాడు. మాది మేక వంశం. మా వైపు వంశం తల్లి నుంచి వస్తుంది. అందుకని నేనూ, మా అన్న ముకోబె, నా కూతురు మ్వాపె, అందరం మేకలమే. చిరుత మేకను తింటుంది కాబట్టి ఆ రెండు వంశాలకూ తాతల నాటి నుంచి ఎగతాళి చుట్టరికం ఉంది. చిరుత వాడు మేక వాణ్ణి నలుగురిలో ఎంత మాటైనా అనవచ్చు. పొయ్యి మీది కుండలో చెయ్యి పెట్టి చేపముక్క తీసుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నామా, తప్పు మనదే. మనమూ తిరిగి అంత మాట అనవచ్చు, చేతనైతే. దానికి బదులుగా ఒక పని ఉంది. ఒక వంశంలో మనిషి పోతే పూడ్చేది రెండో వంశం వాళ్ళే. గొయ్యి తవ్వి, అందులో దిగి పడుకుని, "కోడి ఇస్తేగాని లేవను, మీ శవాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగండి" అని మొండికేయాలి. పోయినవాళ్ళను వెక్కిరించి, ఏడ్చేవాళ్ళ చేత నవ్వించాలి.

మా అమ్మ పోయినప్పుడు ఆమె గోతిలో దిగింది కపోండాయే. అంతకుముందు అమ్మలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. అమ్మ గొంతుతోనే, "ఏం చెప్పమంటారర్రా, నా కూతురు వండిన బుకారి ముద్ద గొంతుకు అడ్డం పడి చచ్చాను" అన్నాడు. ఊరంతా పడీ పడీ నవ్వింది. మా అన్న కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా బుకారికి, అంటే నేను గెలికిన పిండి సంకటికి, వంకపెట్టినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు.

కపోండా వయసులో ఉండగా జాడోవిల్ రాగి గనుల్లో పనిచేశాడు. అక్కడి యంత్రం కుడిచేతి రెండు వేళ్ళు తినేసింది. తిరిగొచ్చి వంతెన పక్కన చేపలు పొగబెట్టే పందిళ్ళు వేసుకున్నాడు. పెళ్ళాం తొందరగా పోయింది. ముసలి అక్క చోలా అతనితో ఉండేది. లారీలవాళ్ళు అతని చేపల కోసం ఆగేవాళ్ళో, మాటల కోసం ఆగేవాళ్ళో చెప్పడం కష్టం. మా అన్నకు చిన్ననాటి నుంచీ జోడు. ఇద్దరికీ తెడ్డు వెయ్యడం నేర్పింది మా మేనమామే.

ఆ తర్వాత ఎలిజబెత్‌విల్‌లో పెద్దవాళ్ళు మా కటంగా ఇక కాంగోది కాదు, వేరే దేశం అన్నారు. కొత్త జెండా వచ్చింది, కొత్త నోట్లు వచ్చాయి. మాకు తేడా తెలిసింది మాత్రం పక్కింటివాళ్ళలో. కసాయి అనే పక్క ప్రాంతం నుంచి వచ్చి మా మధ్యే పిల్లల్ని కన్నవాళ్ళను రైళ్ళెక్కించి తరిమేశారు. ఎవరెవరి పేర్లు ఎవరు చెప్పారో తెలియలేదు. ఇక అప్పటి నుంచి గోడలకు చెవులే. మునుపు ఇంటికి వచ్చినవాళ్ళకు ముంతలో ముంకోయో, మా మొక్కజొన్న అంబలి, పోస్తే, మర్యాద కోసం ఇంటివాళ్ళు ముందొక గుటక తాగి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు విషం కలిపారేమోనని, ఆ గుటక నిజంగా గొంతు దిగిందా లేదా అని చుట్టాలే మెడ వంక చూడడం మొదలుపెట్టారు. నేనూ చూశాను. ఎందుకు చూడను?

కటంగాను మళ్ళీ కాంగోలో కలపడానికి ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాన్ని పంపాయి. నీలిటోపీలని పిలిచేవాళ్ళం. శాంతి కోసం వచ్చారని రేడియో చెప్పింది. ఒకరోజు కపోండా చేపలు తిప్పుతూ నాతో అన్నాడు.

"విన్నావా మేకా, శాంతి వస్తోందట. ఫిరంగి బండి మీద ఎక్కి వస్తోందట."

"నీకెవరు చెప్పారు?"

"పెళ్ళికి పిలిస్తే వచ్చి పెళ్ళికొడుకుని తన్నే చుట్టాలుంటారు చూడు, అలాంటి శాంతి."

"నీకెవరు చెప్పారని అడుగుతున్నా."

అతను వంతెన వైపు గడ్డం ఎత్తి చూపించాడు. అక్కడ కటంగా సిపాయిలు ఇసుక బస్తాలు పేర్చుకుని కూర్చున్నారు. వాళ్ళ మీద అజమాయిషీకి జీతానికి వచ్చిన తెల్లవాళ్ళు ఉన్నారు. సిపాయిల సార్జెంటు పడమటి చివర లుండా జాతివాళ్ళ ఊరివాడు. కపోండా రోజూ వాళ్ళకు చేపలు అమ్ముతాడు, వాళ్ళతో పకపకలాడతాడు, చెవి వెనక సార్జెంటు సిగరెట్టు పెట్టుకుని తిరిగొస్తాడు. నిప్పు లేనిదే పొగ రాదు. పొగ అమ్ముకుని బతికేవాడికి ఆ సంగతి నేను చెప్పాలా?

అరవై రెండో సంవత్సరం క్రిస్మస్ దాటాక ఎలిజబెత్‌విల్ వైపు నుంచి ఫిరంగులు వినబడ్డాయి. మా మ్వాపె అప్పుడు అవతలి ఒడ్డున ఉంది. వానాకాలం కదా, మొక్కజొన్న చేలు అటువైపే. అడవిపందులు చేలో పడకుండా గుడిసె వేసుకుని కాపలా ఉండాలి. మొగుడు గనిలో, ఆమె చంటిపిల్లతో చేలో. సిపాయిలు వంతెన మూసేశారు. అవతలి నుంచి ఎవరొచ్చినా నీలిటోపీల వేగులే అన్నారు. చంటిపిల్ల తల్లి అయినా సరే. నీలిటోపీలు వచ్చేది సరిగ్గా అటు నుంచే. నా బిడ్డకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అన్నా, దాన్ని ఎలాగైనా తీసుకురావాలి" అని మా అన్న కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. మాలో మేనమామ అంటే తండ్రి కంటే ఎక్కువ.

"తెస్తాను. మన దోనె ఉందిగా. వీళ్ళ కన్ను కాస్త పక్కకు పోనీ" అన్నాడు.

ఆ సాయంత్రమే సార్జెంటు ఊళ్ళోకొచ్చి చాటింపు వేశాడు. నీలిటోపీలు ఏరు దాటకుండా ఊళ్ళో దోనెలన్నీ తెచ్చి తగలబెట్టాలి, దాచినవాణ్ణి కాల్చేస్తామని.

మాకు రెండు దోనెలు. ఒకటి పగుళ్ళిచ్చిన ముసలిది. రెండోది మా మేనమామ ఒకే చెట్టు మొద్దును తొలిచి చేసింది, ఎనిమిదిమంది ఎక్కినా తొణకదు. మావాళ్ళు ఎండాకాలంలో చెక్క పగలకుండా దోనెను రాళ్ళతో నింపి నీళ్ళలో ముంచి ఉంచుతారు. మా అన్న ఆ పనే చేశాడు. చీకటి పడే వేళకు పెద్దదాన్ని రెల్లుగడ్డిలోకి తోసి, చీమలపుట్ట ఎదురుగా ముంచేశాడు. రాళ్ళు అందించింది నేను. చుట్టూ మనిషి జాడ లేదు. అయినా నా వీపు మీద ఎవరివో కళ్ళున్నట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున దోనెలన్నీ ఒడ్డున గుట్టగా పోసి, కిరసనాయిలు చల్లి నిప్పంటించారు. మా అన్న ముసలి దోనెను ఈడ్చుకొచ్చి మంటలో వేశాడు. ఒక తెల్లవాడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పక్కనే సార్జెంటు. ఊరంతా నోరు మూసుకుని నిలబడింది.

అప్పుడు లేచింది కపోండా గొంతు. "ఓయ్ ముకోబె! ముసలిదాన్ని మంటలో తోశావు సరే. పడుచుదాన్ని రెల్లులో స్నానానికి దింపావేంరా మేకా? ఈ దొరలకు చూపించవా? సిగ్గా?"

ఊరు అలవాటు కొద్దీ గొల్లున నవ్వింది. నవ్వి, వెంటనే నాలుక కరుచుకుంది. మా అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం ఆయన. అబద్ధం ఆడితే పసిపిల్ల కూడా పట్టేస్తుంది.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని తెల్లవాడు అడిగాడు. సార్జెంటు అతని భాషలోకి మార్చి చెప్పాడు. తుపాకీ మడమతో మా అన్న మూతి మీద కొట్టారు. ఆయన కిందపడ్డాడు.

"ఎగతాళి దొరా! వాడు మేక, నేను చిరుతను! అనడం నా హక్కు!" అని కపోండా అరుస్తున్నాడు.

"నీ హక్కు తగలెయ్య!" అని నేను అతని మీదికి దూకబోతే ఆడవాళ్ళు పట్టుకున్నారు. కొరివితో తల గోక్కునేవాళ్ళను చూశాను గాని, పక్కవాడి తల గోకేవాణ్ణి అప్పుడే చూశాను.

మా ఇద్దరినీ రెల్లుగడ్డి వెంట నడిపించారు. సిపాయిలు పొడుగాటి గడలతో నీళ్ళలో పొడుచుకుంటూ వచ్చారు. చీమలపుట్ట దగ్గరపడుతోంది. నేను బిడ్డ పేరు లోలోపల అనుకుంటూ నడిచాను. పుట్ట ఎదురుగా గడ దింపారు. బురద. ఇటు పొడిచారు, అటు పొడిచారు. బురదే. దోనె లేదు.

సార్జెంటు గడ పారేసి నవ్వాడు. "మా ఊళ్ళోనూ ఉంది ఈ గోల. అక్కడ గద్దా, కోడీ. మా గద్ద చుట్టం నేను దొంగనని గవర్నరు ఎదుటే చెప్పాడు, ఏం చేస్తాం?" అని మాతో అని, తెల్లవాడికి ఏదో చెప్పాడు. తెల్లవాడు మా అన్నను వదిలి, కపోండాను పిలిచి రెండు చెంపలూ వాయించాడు. నోరా, వీపుకు తేకే అంటారు. అతనికి చెంపలతో పోయింది.

గండం తప్పిందన్న తృప్తి ఇంటికి వచ్చేదాకా కూడా నిలవలేదు.

"అన్నా, దోనె ఏదీ?"

"నాకేం తెలుసే?" పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు.

"వాడే. వాడే ఎత్తుకుపోయాడు. నీలిటోపీలకు అమ్ముకుంటాడు. లేకపోతే రెల్లు సంగతి వాడికెలా తెలుసు?"

"వాడు అలాంటివాడు కాదే."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు ఎలా ఉంటాడనుకున్నావు, కొమ్ములుంటాయా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఇప్పుడు నా బిడ్డ గతేమిటి?"

నేను చేపల పందిళ్ళ దగ్గరికి పరుగెత్తాను, చొక్కా పట్టుకుని నలుగురిలో కడిగేద్దామని. కపోండా లేడు. పందిళ్ళ మీద చేపలు పరిచి ఉన్నాయి, కింద నిప్పు ఆరిపోయింది. వానాకాలంలో పొగ ఆపితే చేపలు కుళ్ళిపోతాయి. నిప్పు వదిలి వెళ్ళాడంటే తిరిగొచ్చే ఉద్దేశం లేనట్టే. చోలా అరుగు మీద కూర్చుని కూరకు కసావా ఆకు తుంచుతోంది.

"ఎక్కడికి పోయాడు?"

"నాకు చెప్పి పోతాడా ఎప్పుడైనా? వాడు నీ చుట్టం, నువ్వే వెతుక్కో" అంది. ఆమెకూ తెలుసని, నా దగ్గర దాస్తోందని అనుకున్నాను.

మధ్యాహ్నం సిపాయిలే వంతెన పేల్చేశారు. ఊళ్ళో కుండలు కదిలి పగిలాయి. ఆ వెంటనే వాన దిగింది, మా వైపు వాన, ఎదుటి మనిషి కనబడడు. సిపాయిలు లారీల కింద దూరారు. నేనూ, మా అన్నా రెల్లులో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి అవతలి ఒడ్డు వైపు చూస్తున్నాం. చూసి ఏం చేస్తామో మాకే తెలియదు. ఈదుదామంటే మొసళ్ళు.

వాన పల్చబడేసరికి ఏటి నడుమ మా దోనె కనబడింది. మా మేనమామ చెక్కిన ముక్కును నేను ఎక్కడైనా గుర్తుపడతాను. వెనక కూర్చుని తెడ్డు వేస్తున్న చేతికి వేళ్ళు తక్కువ.

"సైన్యాన్ని తెస్తున్నాడు! మన దోనెలోనే తెస్తున్నాడు!" అన్నాను.

"సరిగ్గా చూడవే. అది మ్వాపె" అన్నాడు మా అన్న.

నా బిడ్డే. ముందు వంగి కూర్చుంది, రొమ్ముకు పిల్లను కట్టుకుని. నేను పేరు పెట్టి పిలవబోతుంటే మా అన్న నా నోరు మూశాడు. అప్పుడే తుపాకులు పేలాయి. మా ఒడ్డు నుంచా, అవతలి ఒడ్డు నుంచా? ఇప్పటికీ చెప్పలేను. రెండు వైపుల నుంచీ పేలాయి. కపోండా ముందుకు ఒరిగాడు. తెడ్డు జారిపోబోతే మ్వాపె అందుకుంది. పిల్లను వీపుకు తిప్పుకుని, మేనమామ నేర్పినట్టే మోకాళ్ళ మీద కూర్చుని దోనెను రెల్లులోకి తెచ్చింది.

పిల్ల బతికే ఉంది, గుక్కపట్టి ఏడుస్తోంది. మ్వాపె ఒంటి మీద దెబ్బ లేదు. నేను ఇద్దరినీ తడుముకున్నాను, మళ్ళీ మళ్ళీ తడుముకున్నాను. ఆ తర్వాతే దోనె అడుగున ఎర్రనీళ్ళలో పడి ఉన్న మనిషిని చూశాను.

"దోనెకు చిల్లు పడలేదు కదరా, చూడు" అన్నాడు కపోండా మా అన్నతో.

"నోరు మూసుకో. మాట్లాడకు."

"ముయ్యాల్సిన వేళ వచ్చిందిలే." నా వైపు తిరిగాడు. "మ్వాపె వాళ్ళమ్మా, గోతిలో దిగాక రెండు కోళ్ళడుగు. మా చోలా పిసినారిది, ఒకటిచ్చి సరిపెట్టాలని చూస్తుంది."

ఏదో ఒకటి అనాలి. చుట్టరికం ప్రకారం తిరిగి అనాలి. ఆ వేళ కూడా నాకు మాట దొరకలేదు. అతను ఇంకో మాట మాట్లాడలేదు.

మిగతాదంతా, దోనెలో కపోండా తనతో అన్నది అన్నట్టే, మ్వాపె చెప్పింది. పెద్ద దోనె ముంచడం ఎవరో చూసి వంతెన దగ్గర చెప్పేశారట. చేపలమ్మడానికి వెళ్ళిన కపోండా చెవిన పడింది. అతను వెళ్ళి రాళ్ళు తీసేసి దోనెను పై వంపులోకి లాక్కుపోయి దాచాడు. మా అన్నకు చెప్పలేదు, చెబితే ఆయన మొహమే పట్టిచ్చేస్తుందని. తర్వాత తనే నలుగురిలో ఆ మాట పైకి అనేశాడు. ఎలాగూ వెతుకుతారు, ఏమీ దొరకదు, అప్పుడు ఆ కబురంతా చిరుత వంశం కూతగా కొట్టుకుపోతుంది. "మీ అమ్మ ఈపాటికి నన్ను నమిలి మింగేస్తూ ఉంటుంది. మేక చిరుతను తినడం నేనే మొదట చూస్తున్నా" అని ఏటి నడుమ నవ్వాడట.

ఇది మ్వాపె చెప్పిన మాట. నేను దోనెలో లేను. కానీ నా కూతురు అబద్ధం చెప్పదు. అయితే ఆ చూసింది ఎవరు, చెప్పింది ఎవరు? ఆ నోరు ఎవరిదో ఈ రోజుకీ తెలియలేదు. ఊళ్ళో ఎవరు నవ్వుతూ పలకరించినా, నువ్వేనా అని మనసులో అడుగుతూనే ఉన్నాను.

మర్నాటికి కటంగా సిపాయిలు జాడోవిల్ వైపు పారిపోయారు. నీలిటోపీలు విరిగిన వంతెన దూలాల మీద నుంచి దిగి వచ్చారు. ఆ వేళకు మేము గొయ్యి తవ్వేశాం. మేక వంశంలో అతను పోతూ గోతిలో దిగమన్నది నన్నే కాబట్టి నేనే దిగి పడుకున్నాను. వాన నీళ్ళకు అడుగున బురద చల్లగా ఉంది. పైన మా అన్న వాచిన మూతితోనే కపోండాలాగా చేపలు బేరమాడుతున్నాడు. ఆడవాళ్ళు ఏడుపులోనే నవ్వుతున్నారు.

నవ్వు ఆగిపోయింది. పైకి చూస్తే తుపాకీ గొట్టాలు. నీలి తలపాగా చుట్టుకున్న గడ్డపు అధికారి, పక్కన ఎలిజబెత్‌విల్ నుంచి తెచ్చుకున్న కళ్ళద్దాల గుమాస్తా.

"చావు దగ్గర ఎవరైనా నవ్వుతారా అని అడుగుతున్నారు. గోతిలో తుపాకులు పూడుస్తున్నారని ఆయన అనుమానం. పైకి రా" అన్నాడు గుమాస్తా.

"కోడి ఇవ్వందే రానని చెప్పు."

"ఆయనకు ఆ మాట ఎలా చెప్పను?"

"నేను చెప్పినట్టే చెప్పు!"

నన్ను లాగి పక్కన నిలబెట్టారు. ఒక సిపాయి ఇనుప చువ్వతో గోతి అడుగంతా పొడిచాడు. నిన్న రెల్లులో గడలతో పొడిచింది వాళ్ళు, ఇవాళ గోతిలో చువ్వతో పొడుస్తోంది వీళ్ళు. తర్వాత శవానికి చుట్టిన చాప విప్పారు. అధికారి ఛాతీలో రంధ్రం చూశాడు, కుడిచెయ్యి చూశాడు. చాపను తన చేత్తోనే మళ్ళీ కప్పాడు.

"ఎవరు కాల్చారని అడుగుతున్నారు" అన్నాడు గుమాస్తా.

"ఆ మాట ఆయన్నే అడుగుదామనుకుంటున్నాను. మీదా, వాళ్ళదా?"

గుమాస్తా ఎంత చెప్పాడో, ఎంత మింగాడో నాకు తెలియదు. అధికారి తుపాకులు దింపించి, తనవాళ్ళతో దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. అయినా మా మీద నుంచి చూపు తిప్పలేదు.

నేను మళ్ళీ దిగి పడుకున్నాను. ఊరంతా గోతిలోకి చూస్తోంది. ఎన్నేళ్ళుగానో దొరకని మాట అప్పుడు నోటికొచ్చింది.

"ఒరే చిరుతా! మేకల్ని తినే జాతని ఇన్నాళ్ళూ మీసం తిప్పావు. తీరా చేసిందేమిటి? మేకపిల్లను జాగ్రత్తగా మోసుకొచ్చి, తల్లి ఒళ్ళో పెట్టి చచ్చావు! ఇక మీ వంశానికి అడవిలో ఏం పరువుందిరా?"

ఊరు గొల్లున నవ్వింది. చోలా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది, ఒక కోడిని కిందికి అందించింది.

"రెండు" అన్నాను.

"వాడు నేర్పాడు కదూ నీకు!" అని తిట్టుకుంటూ వెళ్ళి రెండోది తెచ్చింది.

రెండు కోళ్ళూ చేతికొచ్చాక ఇక లేవాలి. నాకు లేవబుద్ధి కాలేదు. మా అన్న చెయ్యి అందించి, "లే, వాన వచ్చేలా ఉంది" అన్నాడు. లేచాను. కపోండాను దింపాం.

ఒక కోడిని మ్వాపెకు చారు పెట్టాను, బాలింత కదా. రెండోది గుడ్లు పెట్టి పొదిగింది. చిరుత వంశంలో ఇప్పుడూ మగవాళ్ళున్నారు. పట్నాల్లో పెరిగినవాళ్ళు, నెమ్మదస్తులు. దారిలో కనబడితే టోపీ తీసి, "బాగున్నారా అమ్మగారూ" అని అడిగి పక్కకు తప్పుకుంటారు. నేను వాళ్ళకు ముంకోయో ఇస్తే మర్యాదగా నా మెడ వంక చూసి, అప్పుడు తాగుతారు. నా గోతిలో దిగి, నా గొంతుతో మాట్లాడి, నాలాగే కుంటుకుంటూ నన్ను వెక్కిరించి, నా బుకారి ఎవరి గొంతుకైనా అడ్డం పడుతుందని చెప్పేవాడు ఒక్కడూ లేడు.